గెడ్డ మీద అధికార పేటిక

అధికారమంతా పైనే పేరుకుపోతోందనీ, కిందికి దిగడం లేదనీ రాజధానిలో పెద్దవాళ్ళకి ఒక సోమవారం నాడు పట్టరాని దుఃఖం వచ్చింది. ఆ దుఃఖం బుధవారానికి కమిటీ అయింది. శుక్రవారానికి ఏకంగా ఒక శాఖే అయిపోయింది. దాని పేరు అధికారాల అవరోహణ శాఖ. అధికారాన్ని కిందికి దించడం దాని పని. దించాలంటే ముందు తాము ఎత్తులో ఉండాలి కాబట్టి ఆ శాఖకి అయిదంతస్తుల మేడ కట్టించారు.

ఇదేమీ వెదుళ్ళవలస సర్పంచి యాళ్ల పైడమ్మకి తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా గెడ్డ సంగతి. ఊరికీ తారురోడ్డుకీ మధ్య గెడ్డ పారుతుంది. బడి అవతల. రేషన్ డిపో అవతల. బస్సు ఆగేది అవతల. ఊళ్ళో నూటనలభై గడపా ఇవతల. ఉన్న చిన్న వంతెన రెండేళ్ళ కిందటి వరదకి కొట్టుకుపోయింది. అప్పట్నుంచి రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసుకుని వాటి మీదుగా నడుస్తున్నారు. వానలు ముదిరితే ఆ దుంగలు కూడా మునిగిపోతాయి. అప్పుడిక కొండ చుట్టూ తిరిగి నాలుగు మైళ్ళు నడవాల్సిందే.

కిందటి శ్రావణంలో ఆ దుంగ మీంచి నూకాలు జారిపడింది. నూకాలు పైడమ్మ పక్కింటి మనిషి, అప్పా అని పిలుచుకునే అక్క వరస. పైడమ్మ ఇద్దరు పిల్లల్నీ పురిటిమంచం దగ్గర అందుకున్న చేతులు ఆవిడవే. తుంటి ఎముక బీటలిచ్చి నులకమంచానికి అంటుకుపోయింది. డిపోలో వేలిముద్ర పడితేనే బియ్యం. ఆ మిషను గెడ్డ దాటి రాదు. ఒకసారి నలుగురు మగవాళ్ళు మంచంతో సహా ఎత్తుకుని, నడుములోతు నీళ్ళలో ఆవిణ్ణి దాటించి వేలు పెట్టించి తెచ్చారు. ఇంటికొచ్చాక నూకాలు గోడవైపు తిరిగి ఏడ్చింది. "బతికుండగా నలుగురు మోస్తే నాను మరెల్లను. నడిసెల్లి పడ్డాను, నడిసే ఎల్తాను" అంది. మూడు నెలలు వేలు పడకపోయేసరికి కార్డులో పేరు ఆగిపోయింది. మనిషి స్వయంగా వచ్చి మళ్ళీ వేలు పెడితేగాని పేరు ఎక్కదన్నారు.

పైడమ్మ మొగుడు సన్యాసి తాపీమేస్త్రి. అతని వెనక ఇరవయ్యేళ్ళు కాంక్రీటు తట్ట మోసిన మనిషి పైడమ్మ. సర్పంచి సీటు ఆడవాళ్ళకి వచ్చినప్పుడు ఊరివాళ్ళు సన్యాసి దగ్గరకొచ్చి, నీ పెళ్ళాన్ని నిలబెట్టమన్నారు. "దాన్నే అడగండి, నిలబడేది అది గదా" అన్నాడతను. పైడమ్మ నిలబడింది. "వొచ్చే వానలకి ముందే గెడ్డ మీద వొంతెన. లేకపోతే నా మొకం సూడకండి" అని చెప్పింది. గెలిచింది. గెలిచి పద్నాలుగు అర్జీలు పెట్టింది. పద్నాలుగూ పరిశీలనలో ఉన్నాయి. రోజూ కూలికి వెళ్తూ నూకాలు గుమ్మం దాటేటప్పుడు లోపల్నుంచి ఒకే ప్రశ్న వినిపించేది.

"ఏటే పైడీ, వొంతెనైనాదా?"

"అవుతాదప్పా."

ఇలా ఉండగా మాఘమాసంలో ఒకనాడు వెదుళ్ళవలసకి అధికారం వచ్చింది.

వ్యాన్‌లో వచ్చింది. గెడ్డ దగ్గర వ్యాన్ ఆగిపోయింది. అందులోంచి ఒక ఇనప్పెట్టె దింపారు. పొడవు నాలుగడుగులు, ఎత్తు మనిషి మోకాటికి కాస్త పైన. మూడు తాళాలు, తాళం తాళానికీ లక్క సీలు. నలుగురు మనుషులు దాన్ని నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగి ఇవతలకి మోసుకొచ్చారు. దానితోపాటు వచ్చిన అవరోహణాధికారి చక్రపాణి గారు నీళ్ళలో దిగలేదు. దుంగ మీద నడవనూ లేదు. అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, రెండు చేతులతో ముందుకి జరుపుకుంటూ వచ్చారు. ఒడ్డుకి చేరాక ప్యాంటు దులుపుకుని, చేత్తో మైకు అందుకున్నారు.

"సోదరసోదరీమణులారా! ఇన్నాళ్ళూ ప్రభుత్వమంటే ఎక్కడో ఉందనుకున్నారు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి మీరే ప్రభుత్వం. ఈ పేటికలో ముప్ఫై మూడు అధికారాలున్నాయి. ఒక్కటి కూడా మా దగ్గర మిగుల్చుకోకుండా సమస్తం మీకు దఖలు పరుస్తున్నాం. ఈ చారిత్రక ఘట్టంలో సర్పంచి గారి భర్త గారిని నాలుగు ముక్కలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను."

సన్యాసి వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు. పైడమ్మే లేచింది.

"అయ్యా, అందులో వొంతెన కట్టుకునే అధికారం ఉన్నాదా అండి?"

చక్రపాణి గారు జాబితా చూశారు. "ఉంది. సంఖ్య పదకొండు. దారులు, వంతెనలు. సంపూర్ణ అధికారం."

"అయితే కట్టీసుకుంటామండి. తియ్యండి."

"తీయకూడదు."

"మాకిచ్చీసినారు గదండి."

"ఇచ్చేశాం. పేటిక పూర్తిగా మీది. అయితే అధికారం బహు సున్నితమైన వస్తువు. అలవాటు లేనివారు తెరిస్తే దుర్వినియోగం కావచ్చు. అందుచేత మీకు సామర్థ్య ధ్రువపత్రం వచ్చేవరకు పేటిక తెరవరాదు, కదపరాదు. మూడు తాళంచెవుల్లో ఒకటి రాజధానిలోనూ, ఒకటి జిల్లాలోనూ, మూడోది శిక్షణ సంస్థలోనూ ఉంటాయి. మూడూ ఒకేరోజు ఒకేచోట కలిసినప్పుడు ప్రారంభోత్సవం పెట్టుకుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త వస్తువు ఊళ్ళోకి వచ్చిందని ఆడవాళ్ళు పెట్టెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పంచాయతీ ఆఫీసు ఒకే గది. పెట్టె లోపలికి పోగానే బల్ల బయటికి వచ్చింది. పంచాయతీ కార్యదర్శి వేణు, పట్నం కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఆరునెలలైనా కాలేదు, ఆ బల్లతోపాటే అరుగు మీదికి వచ్చాడు. ఆనాటి నుంచి ఊరి పాలన ఎండలో జరిగింది, అధికారం నీడలో ఉంది.

ధ్రువపత్రం కోసం పైడమ్మ మూడు రోజుల శిక్షణకి జిల్లాకి వెళ్ళింది. మొదటి రోజు అధికారం అంటే ఏమిటో చెప్పారు. రెండోరోజు అధికారం వస్తే ఎలా కూర్చోవాలో, సంతకం ఎంత వంకరగా పెట్టాలో, వచ్చినవాణ్ణి ఎంతసేపు నిలబెట్టాలో నేర్పారు. మూడోరోజు పరీక్ష. మొదటి ప్రశ్న: మీరు ఇంతకుముందు అధికారాన్ని ఎన్నిసార్లు వినియోగించారు?

పైడమ్మ నిజాయితీ మనిషి. సున్న చుట్టింది.

"అనుభవం లేదు కాబట్టి సామర్థ్యం లేదు" అన్నారు శిక్షణాధికారి.

"వాడితేగదండి అనుభవం వొచ్చేది?"

"అవునమ్మా."

"వాడాలంటే పెట్టె తియ్యాలి గదండి?"

"తప్పకుండా."

"పెట్టె తియ్యాలంటే పత్రం కావాల."

"చాలా చక్కగా అర్థం చేసుకున్నారు. ఇంత త్వరగా గ్రహించినవారు ఈ బ్యాచ్‌లో లేరు. వచ్చే ఏడాది మళ్ళీ రండి."

తిరిగొచ్చి నూకాలు మంచం పక్కన కూలబడింది పైడమ్మ. తట్ట మోసినన్నాళ్ళూ బరువు నెత్తి మీద ఉండేది, దించితే దిగేది. ఈ బరువెక్కడుందో తెలియడం లేదు.

"ఫెయిలైపోనానప్పా."

"నాను మంచం దిగి గోడ పట్టుకుని నాలుగడుగులేసినాను" అంది నూకాలు. "వొంతెనైతే సెప్పు. అప్పటికి మిగతా అడుగులు ఏసీస్తాను."

ఫాల్గుణంలో తనిఖీ వచ్చింది. చక్రపాణి గారే వచ్చారు, దుంగ మీద మునుపటిలాగే జరుగుతూ. పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఒక మూల తుప్పు. అడుగున చెదపుట్ట. పెట్టె వెనక బల్లిగుడ్లు. మీద పసుపు.

"ఇదేమిటి?"

"పసుపండి."

"అధికారాలకు బొట్టు పెట్టవలెనని నిబంధనావళిలో ఎక్కడుంది?"

"పెట్టకూడదని ఉన్నాదేటండి?"

ఆయన పుస్తకం తిరగేశారు. లేదు. దాంతో ఆయనకి మరింత కోపం వచ్చింది. ప్రభుత్వం కడుపు కట్టుకుని అధికారాలు దించితే, ఊళ్ళు వాటిని చెదలకి వేస్తున్నాయని రాజధానికి రాశారు. అన్ని ఊళ్ళ నుంచీ ఇవే రిపోర్టులు. ఒకచోట పెట్టె మీద మిరపకాయలు ఎండబెట్టారట. మరొకచోట పెళ్ళిలో వధూవరులని కూర్చోబెట్టారట. రాజధాని మళ్ళీ దుఃఖపడింది. ఈసారి దుఃఖంలోంచి నిధులు పుట్టాయి.

చైత్రంలో ఆ ఉత్తరువు వెదుళ్ళవలస చేరింది. అరవై నాలుగు పేజీల 'అధికార పేటికా సంరక్షణ నిబంధనావళి', దానితోపాటు సిమెంటుకీ ఇనుముకీ కూలీకీ మంజూరు. పైన ఎర్రసిరాతో ఒక హెచ్చరిక ఉంది. అరుగు మీద కూర్చుని వేణు దాన్ని చదివి వినిపించాడు.

"సదరు నిధులను పేటిక సంరక్షణకు మాత్రమే వినియోగించవలెను. మంచినీరు, దారులు, వంతెనలు మొదలగు ప్రజోపయోగ పనులకు ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. వాడినచో కఠినచర్యలు తీసుకొనబడును."

"ప్రజలకి పనికొస్తే నేరమన్నమాట" అంది పైడమ్మ.

"అలాగే ఉందండి."

"మిగతాది చదువు బాబూ. అరవై నాలుగు పేజీలూ చదువు. ఈ ఇనప్పెట్టికి ఏటేటి కావాలో సూద్దాం."

వేణు చదువుతూ పోయాడు. పేటికను కాంక్రీటు దిమ్మె మీద ఉంచవలెను, అందుకొరకు ఒక్కసారి మాత్రం కదపవచ్చును. దిమ్మె చెదలు పాకని చోట ఉండవలెను. ఏ ఒక్కరి సొంత స్థలంలోను, ఏ ఒక్క కులపు వీధిలోను ఉండరాదు, అధికారం అందరిదీ గనుక. దిమ్మెకు ఇరుపక్కలా ఆరడుగుల వెడల్పున, చేతికమ్మీలతో తనిఖీ మార్గం నిర్మించవలెను. తనిఖీకి వచ్చిన అధికారి ఒక పక్కనుంచి వచ్చి రెండో పక్కనుంచి వెళ్ళవలెను. వచ్చిన దారినే మరలినచో అర్జీలు పట్టుకుని ప్రజలు కాచుకుని ఉందురు.

పైడమ్మ ఇరవయ్యేళ్ళు కాంక్రీటు మోసిన మనిషని చెప్పాను గదా. ప్లాను కాగితం చదవలేదు గాని, చెప్తే ఆవిడ కళ్ళకి కట్టినట్టుంటుంది. మధ్యలో దిమ్మె. ఇటో దారి, అటో దారి. ఆరడుగుల వెడల్పు. చేతికమ్మీలు.

స్తంభానికి ఆనుకుని బీడీ కాలుస్తున్న సన్యాసి నెమ్మదిగా అన్నాడు. "ఇది వొంతెన గదేటే."

"నోరు ముయ్యి" అంది పైడమ్మ. "ఆ మాట మరి నోట రానీకు."

వేణు ఎర్రసిరా మీద వేలు పెట్టాడు. "మేడం, కఠినచర్యలు..."

"నాను వొంతెన కడతానన్నానా? దిమ్మె కడతాను. మనూళ్ళో ఎవులిదీ కాని జాగా ఏటున్నాది? ఈ వీధి వీళ్ళది, ఆ వీధి వాళ్ళది. తోపు ఒకలిది, కల్లం ఒకలిది. ఎవులిదీ కానిది గెడ్డొకటే. నీళ్ళలో సెదలు పాకుతాదా? పాకదు. మరింకేటి, రాయి. ఆళ్ళు రాసినట్టే రాయి."

వేణు రాశాడు. ఆ కుర్రాడికి ఆ రోజు చెయ్యి తిరిగింది. "చెదరహితమైన, కులాతీతమైన, ప్రవాహపరివేష్టితమైన స్థలమునందు అధికార దిమ్మె, ఉభయపార్శ్వ తనిఖీ మార్గసహితముగా" అని రాశాడు. వంతెన కావాలని పెట్టిన పద్నాలుగు అర్జీలు నెలల తరబడి పరిశీలనలో ఉన్నాయి. వంతెన అన్న మాట లేని ఈ ఒక్క ఉత్తరానికి ఎనిమిదో రోజున మంజూరు వచ్చింది. పైగా 'ప్రవాహపరివేష్టితము' అన్నది ప్రశంసనీయమని అంచున రాశారు.

వైశాఖమంతా పని. సన్యాసి ముహూర్తం చూసి పునాది తీశాడు. ఊళ్ళో ఇంటికొకరు వచ్చారు. సర్పంచి తట్ట ఎత్తుకుంది. చూడటానికొచ్చిన ఇంజనీరు, దిమ్మె కింద అన్ని ఖాళీ ఖానాలెందుకని అడిగాడు. "గాలాడకపోతే అధికారం మగ్గిపోతాదండి" అన్నాడు సన్యాసి. ఇంజనీరు రాసుకుని వెళ్ళిపోయాడు. పొద్దున్నే పనికి వచ్చేటప్పుడు పైడమ్మ నూకాలు కిటికీ దగ్గర ఆగి, ఎన్ని బస్తాలు పోసిందీ చెప్పేది. నూకాలు ఎన్ని అడుగులు వేసిందీ చెప్పేది.

మొదటి వాన పడిన మర్నాడు పెట్టెని తెచ్చి దిమ్మె మీద కూర్చోబెట్టారు. పక్కనుంచి ఎడ్లబండి పోయేంత జాగా సన్యాసి ముందే చూసుకున్నాడు. గెడ్డ ఎర్రగా పొంగి, ఖానాల కిందనుంచి మర్యాదగా పోయింది.

చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. జీపు దిగి, బూట్లు విప్పకుండా, ప్యాంటు మడవకుండా దిమ్మె దాకా నడిచి వచ్చారు. ఆయన జీవితంలో వెదుళ్ళవలసకి నడిచి రావడం అదే మొదలు. అయినా ఆయనకి ఏమీ అనుమానం రాలేదు. పెట్టె నిగనిగలాడుతోంది. చెదల్లేవు, బల్లుల్లేవు.

"అద్భుతం! నిబంధనావళి తు.చ. తప్పకుండా పాటించిన ఏకైక గ్రామం ఇది!" అన్నారు. నిబంధనావళి ప్రకారమే రెండో పక్కకి దిగారు. దిగితే ఊరు వచ్చింది. వచ్చిన దారినే మరలరాదు కదా. "మరి నేను వెళ్ళడం ఎలా?" అన్నారు. కొండ చుట్టూ నాలుగు మైళ్ళు ఉందని పైడమ్మ చెయ్యి చూపించింది. ఆయన నిబంధనకి కట్టుబడ్డ మనిషి. ఎండలో బయల్దేరారు. పాపం, మధ్యలో నీళ్ళు కూడా దొరకవని ఆవిడే ఒక చెంబుతో నీళ్ళిచ్చి పంపింది.

వారం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తనిఖీ మార్గంపై ప్రజలు, పశువులు, బండ్లు సంచరించుచున్నట్లు తమ దృష్టికి వచ్చినదనీ, సదరు మార్గము తనిఖీదారులకు మాత్రమేననీ, ఇతరులు నడిచినచో నిధుల దుర్వినియోగమనీ.

పైడమ్మకి ఒక్కసారి కాళ్ళ కింద సిమెంటు కదిలినట్టయింది. నూకాలు గడప దాకా నడుస్తోంది. పిల్లలు బడికి పోతున్నారు. ఇప్పుడు దారి మూసేస్తే తను ఇక ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు.

"తనిఖీదారులంటే ఎవులు?" అంది.

వేణు నలభై ఒకటో పేజీ తీశాడు. "పేటిక నిరంతరం ప్రజల పర్యవేక్షణలో ఉండవలెను. ఇందుకుగాను సర్పంచి ఎంతమందినైనా గౌరవ తనిఖీదారులుగా నియమించుకొనవచ్చును."

ఆ మధ్యాహ్నమే దండోరా వేశారు. వెదుళ్ళవలసలో ప్రతి మనిషీ గౌరవ తనిఖీదారు. పెట్టె పక్కన ఒక పుస్తకం, తాడుతో కట్టిన పెన్సిలు. దాటిన ప్రతివాళ్ళూ అందులో 'పెట్టె క్షేమం' అని రాసి వెళ్ళాలి. రాయడం రానివాళ్ళు వేలు ముద్దరేస్తే చాలు. బడిపిల్లలు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తనిఖీ చేశారు. పాలవాళ్ళు చేశారు. చీరలమ్మేవాడు, జాతరకొచ్చిన చుట్టాలు, కోడిపుంజుని చంకలో పెట్టుకుని సంతకి పోయేవాళ్ళు చేశారు. ఒక తాగుబోతు ఒకే సాయంత్రం ఏడుసార్లు చేశాడు. పుస్తకాలన్నీ నెలనెలా రాజధానికి పోయాయి.

రాజధానిలో వాటిని లెక్కపెట్టడానికి ఒక అంతస్తు సరిపోలేదు. అవరోహణ శాఖ కమిషనరు గారు తల పట్టుకున్నారు. ఒక్క ఊళ్ళో, ఒక్క పెట్టెని, నాలుగు నెలల్లో ఇన్ని వేలసార్లు చూశారు. ఒక్కసారైనా తెరవలేదు. ఏ ఊరివాళ్ళూ తెరవలేదు. దీన్నిబట్టి పల్లెజనానికి అధికారం మీద ఆసక్తి లేదని తేలిపోయిందన్నారాయన. వాడని వస్తువు కిందెందుకు, పైకి తెచ్చేయండన్నారు. అయిదంతస్తుల మేడ మీద బోర్డులో రెండక్షరాలు చెరిపి ఒకటి రాశారు. అవరోహణ శాఖ ఆరోహణ శాఖ అయింది. చక్రపాణి గారు ఆరోహణాధికారి అయ్యారు. దించినందుకు ఒకసారి జీతం పెరిగింది, ఎత్తుతున్నందుకు ఇంకోసారి పెరిగింది.

ఆశ్వయుజంలో, గెడ్డ నిండుగా ఉన్న రోజుల్లో, ఆయన లారీతోనూ గునపాలు పట్టుకున్న పదిమంది మనుషులతోనూ వచ్చారు. ఊరంతా దిమ్మె దగ్గర మూగింది. ఆయన ఉత్తరువు చదివారు.

"పేటికను స్వాధీనపరచుకొని, దిమ్మెను, ఉభయపార్శ్వ తనిఖీ మార్గమును తొలగించి, స్థలమును పూర్వస్థితికి తీసుకురావలెను."

పూర్వస్థితి అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. రెండు తాటిదుంగలు. పైడమ్మ గునపాలవాళ్ళ వైపు చూసింది. వాళ్ళూ తట్ట మోసేవాళ్ళే. తలలు దించుకున్నారు.

"అయ్యా," అంది, "ఊళ్ళో కట్టిందాన్ని పడగొట్టే అధికారం ఎవులిదండి?"

"అదేం ప్రశ్న? ప్రభుత్వానిది."

"ఆ జాబితాలో సూసి సెప్పండి."

ఆయన జాబితా చూశారు. "సంఖ్య ఇరవై రెండు. గ్రామ పరిధిలోని కట్టడముల తొలగింపు. అది... మీకు బదలాయించబడింది."

"అయితే నాదే గదండి. నాను పడగొట్టను."

"మీరు వాడటానికి వీల్లేదమ్మా. అది పెట్టెలో ఉంది."

"అయితే మీరు వాడండి."

"మా దగ్గర లేదు. ఒక్కటి కూడా మిగుల్చుకోలేదు."

"పోనీ పెట్టె తీసి తీసుకోండి."

చక్రపాణి గారు మూడు తాళాల వంకా చూశారు. పెట్టె తీయాలంటే ఊరికి ధ్రువపత్రం ఉండాలి. అది లేనిదే తాళంచెవులు కలవవు. పోనీ తీయకుండానే లారీ ఎక్కిద్దామంటే, ధ్రువపత్రం వచ్చేవరకు కదపరాదని ఆయనే మైకులో చెప్పారు. వేణు సాయం చెయ్యబోయి నిబంధనావళి అందించాడు. ఆయన పెట్టె పక్కనే నిలబడి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. గునపాలవాళ్ళు గునపాలు పక్కనపెట్టి బీడీలు ముట్టించారు.

అప్పుడు ఊరివైపు నుంచి జనం పక్కకి తప్పుకోవడం మొదలైంది. చేతికర్ర ఆనించుకుంటూ నూకాలు వస్తోంది. ఉతికిన చీర, తలలో ముద్దబంతిపువ్వు. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"అప్పా, ఇప్పుడేటి! ఇక్కడ గొడవ జరుగుతున్నాది" అని పైడమ్మ ఎదురెళ్ళింది.

"పడగొట్టీస్తారన్నారు. అందుకే ఇప్పుడొచ్చినాను" అంది నూకాలు. "వొకసారైనా నా కాళ్ళతో దాటకపోతే ఎలాగే?"

పైడమ్మకి ఏడుపొచ్చింది. అందరి ముందూ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నూకాలు పక్కన, ముట్టుకోకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. సగం దూరం వచ్చేసరికి నూకాలుకి రొప్పు వచ్చేసింది. అటూ ఇటూ చూసింది. ఎదురుగా పెట్టె కనిపించింది. చేతికర్ర కమ్మీకి ఆనించి, దాని మీద కూర్చుంది. సరిగ్గా సరిపోయింది.

"అమ్మా, అమ్మా!" చక్రపాణి గారు తల ఎత్తారు. "దాని మీద కూర్చోకూడదు! లేవండి!"

నూకాలు ఆయన వంక చూసి, పైడమ్మ వంక చూసింది. "ఏటే ఇందులో?"

"మన అధికారాలప్పా."

"ఓలమ్మ. ఇన్నాల్లూ ఎక్కడున్నాయే?"

"లేవండి! ఇది ప్రభుత్వ ధిక్కారం!" అని కేక వేశారు చక్రపాణి గారు.

"లేపే అధికారం ఎవులిదో సూడండి బాబూ" అంది పైడమ్మ.

ఆయన చూశారు. ముందు జాబితా, తర్వాత నిబంధనావళి. జారుతున్న కళ్ళజోడుని ఆయన వేలితో ఎత్తి పెట్టుకోవడం గమనిస్తూ పైడమ్మ నిలబడింది. గెడ్డ కిందనుంచి పోతోంది. ఆయన నలభై పేజీలు తిప్పేసరికి నూకాలుకి ఊపిరి కుదురుకుంది. ఇంకో పది తిప్పేసరికి కర్ర అందుకుని ఎవరూ లేపకుండానే లేచింది. పుస్తకంలో వేలిముద్ర వేసింది. పెట్టె క్షేమం.

"పదే," అంది. "డిపో మూసీగల్రు."

ఇద్దరూ అవతలి ఒడ్డుకి దిగి, బియ్యానికి వెళ్ళారు. చక్రపాణి గారు ఇంకా పేజీలు తిప్పుతూనే ఉన్నారు.